చివరి వరుసలో ఎవరున్నారు?



ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. ఇవాళ మీ ముందుకు తెచ్చింది కూడా ఒక లెక్కే. నా దగ్గర పదో తరగతి చదువుకున్న కుర్రవాడొకడు నమ్మి, దానికోసం రెండేళ్ల పైచిలుకు తిరిగి, దెబ్బతిన్న లెక్క.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్న ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడకు టై, చేతిలో కొత్త లాంగ్ నోట్‌బుక్కు. "మాస్టారూ, ఒక్క పది నిమిషాలు కూర్చోండి, ప్లాన్ చూపిస్తాను" అన్నాడు. నోట్‌బుక్కు తెరిచి, పేజీ పైన నడిమధ్య ఒక సున్నా చుట్టి "ఇది మీరు" అన్నాడు. దాని కింద రెండు సున్నాలు. వాటి కింద నాలుగు, ఆ కింద ఎనిమిది. గీతలు గీస్తూ సున్నాలు చుడుతూ అయిదో వరుసకు వచ్చేసరికి పేజీలో చోటు చాల్లేదు. పెన్ను పక్కన పెట్టి, "ఇలా వెళ్తూనే ఉంటుంది మాస్టారూ. మీరు ఇద్దర్ని చేర్పిస్తే చాలు. ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు. తర్వాత వాళ్లే చూసుకుంటారు. పెయిర్ కుదిరినప్పుడల్లా మీకు చెక్కు వస్తుంది" అన్నాడు.

పేజీలో చోటు చాలక పెన్ను పక్కన పెట్టాడన్నానే, అక్కడే ఉంది అసలు సంగతి. దాని దగ్గరికి వస్తాను.

ఆ రోజు నేను చేరలేదు. అలాగని వాణ్ని గట్టిగా వారించనూ లేదు. ఉద్యోగం కోసం నాలుగేళ్లు తిరిగిన పిల్లవాడు మొదటిసారి ఉత్సాహంగా కనిపించాడు, ఆ ఉత్సాహాన్ని నీరుగార్చడం ఎందుకనుకున్నాను. కాఫీ ఇచ్చి పంపేశాను. ఈ ప్రసంగం రాసుకోవడానికి కారణం ఆ కాఫీయే.

కిందటి సంక్రాంతి వెళ్లాక మళ్లీ వచ్చాడు. టై లేదు. అదే నోట్‌బుక్కు, అట్ట చిరిగిపోయింది. వెనక పేజీల్లో నూట ఇరవై దాకా పేర్లున్నాయి. చేరిన మొదటి వారమే ఈ పేర్లు రాయిస్తారట, లిస్టు అంటారు. ముందు అక్క, బావ, మేనమామ, బాబాయి. తర్వాత డిగ్రీ స్నేహితులు. ఆ తర్వాత కిరాణా కొట్టాయన, టైలరు, సెల్‌ఫోన్ రిపేరు చేసే కుర్రాడు. చిట్టచివర వాళ్ల చెల్లెల్ని చూసుకోవడానికి వచ్చి వెళ్లిన పెళ్లివారు. ప్రతి పేరు పక్కనా టిక్కో, కొట్టివేతో. టిక్కులు లెక్కపెట్టాను, పదకొండు. ఆ పదకొండు మందిలో ఇప్పుడెందరు చేస్తున్నార్రా అంటే, "ఒక్కరూ లేరు మాస్టారూ" అన్నాడు. కాసేపు ఊరుకుని, "లీడర్లు చెప్పినవన్నీ చేశాను. రోజూ ఇద్దరికి ప్లాన్ చూపించాను. ఒక్క సెమినారు మానలేదు. నేనెక్కడ తప్పు చేశాను?" అని అడిగాడు.

ఎక్కడా తప్పు చేయలేదని వాడికి చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. మీకు ఆ పూటంతా పట్టకుండా చెబుతాను.

ఒక్కొక్కరు ఇద్దర్ని చేర్పిస్తున్నారనుకుందాం. అందరూ కష్టపడేవాళ్లే, ఒక్కడూ బద్ధకస్తుడు లేడు, ఒక్కరూ మధ్యలో మానలేదు. మొదటి వరుసలో ఒకరు, రెండో వరుసలో ఇద్దరు, మూడో వరుసలో నలుగురు. ఇలా పది వరుసలు నిండాయి. మొత్తం ఎంతమంది? 1,023 మంది. చివరి వరుసలో ఎంతమంది? 512. అంటే పైనున్న తొమ్మిది వరుసలూ కలిపితే ఎందరో, చివరి వరుస ఒక్కదానిలోనే అంతకన్నా ఒకరు ఎక్కువ. ఆ 512 మంది కిందా ఎవరూ లేరు. డబ్బు కట్టారు, ఏమీ రాలేదు. ఇక మా అబ్బాయి, అంటే ఆ శిష్యుడు, చేరిన ప్లానులో మొదటి చెక్కు రావాలంటే ఒక వైపు ఇద్దరు, ఇంకో వైపు ఒకరు ఉండాలి. అంటే కిందనుంచి రెండో వరుసలోని 256 మందికి కూడా చెక్కు లేదు. 1,023 మందిలో 768 మంది, నూటికి డెబ్బై అయిదుగురు, వట్టి చేతులతో నిలబడ్డారు. వీళ్లంతా మనం ముందే ఒప్పుకున్నట్టు కష్టపడేవాళ్లే.

అయితే రేపు వాళ్లూ చేర్పిస్తారు కదా, వాళ్లకూ వస్తుంది కదా అంటారు. వస్తుంది. అప్పుడు పదకొండో వరుసలో 1,024 మంది కొత్తగా వట్టి చేతులతో నిలబడతారు. ఏ రోజు ఆపి లెక్కపెట్టినా సగం మందికి పైగా చివరి వరుసలోనే ఉంటారు. ఒకరి చెయ్యి నిండాలంటే కింద ముగ్గురి చేతులు ఖాళీ కావాలి. ఎంత శ్రద్ధగా పనిచేసినా ఈ నిష్పత్తి మారదు.

ఇక ఆ సున్నాలు ఎంతదూరం వెళ్తాయి? నెలకో వరుస చొప్పున నిండితే, ఇరవై ఆరు వరుసలకు 6 కోట్ల 71 లక్షల మంది అవుతారు. ఇరవై ఏడో వరుసకు కొత్తగా ఇంకో 6 కోట్ల 71 లక్షల మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే సుమారు 8 కోట్ల 46 లక్షలు, ఉయ్యాల్లో పిల్లలతో సహా. రెండేళ్లు దాటేసరికి మన రెండు రాష్ట్రాల్లో చేర్పించడానికి మనిషి మిగలడు.

ఈ లెక్క తెలుగువాడికి కొత్తది కాదు. పావులూరి మల్లన గణితంలోదని చెప్పుకునే పద్యం ఒకటుంది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లకూ రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని ఆ పద్యం ఒక్క అంకె పొల్లుపోకుండా చెబుతుంది. ఇరవై అంకెల సంఖ్య అది. దాన్ని నేను ఏటా పిల్లలకు చెప్పేవాణ్ని, వాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. పదో తరగతిలో శ్రేఢుల పాఠం చెప్పినప్పుడు గుణశ్రేఢికి సూత్రం నేర్పాను, n పదాల మొత్తం కట్టించాను. అలా రెట్టించుకుంటూ పోయేది ఏదైనా బతుకులో మధ్యలోనే ఆగిపోతుందని, ఆగినచోట ఎక్కువ మంది ఉంటారని చెప్పాలని నాకు తోచలేదు. పరీక్షలో ఆ ప్రశ్న రాదు. ఇప్పుడు పాఠం చెప్పే మాస్టర్లను అడుగుతున్నాను, ఆ ఒక్క మాటా చెప్పండి. మీ వెనక బెంచీలో కూర్చున్నవాడు ఐదేళ్ల తర్వాత టై కట్టుకుని ఎవరింటికో వెళ్తాడు.

ఇదంతా కాగితం మీది లెక్క. బయట పరిస్థితి ఇంతకన్నా కష్టం. బయట మనుషులు సున్నాల్లా సమంగా నిలబడరు. మా అబ్బాయికి ఎడమవైపు పైవాళ్లు కొందర్ని తెచ్చి పెట్టారు. అది చూసి వాడు పొంగిపోయాడు. కుడివైపు తనే కట్టుకోవాలి. ఎడమవైపు పాయింట్లు పేరుకుపోయాయి, కుడివైపు జత సరిగా కుదరలేదు, చెక్కులు ఎప్పుడో గాని రాలేదు. చూడటానికి టీమ్ పెరుగుతూనే ఉంది, చేతిలో మాత్రం ఏమీ మిగల్లేదు. అందుకే వదిలిపెట్టనూ లేకపోయాడు. ఇంకొక్కరు, కుడివైపు ఇంకొక్కరు అనుకుంటూ ఏడాది గడిచింది.

మరి వస్తువులున్నాయి కదా, అమ్ముకుని బతకవచ్చు కదా అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్న. మా వీధికి ఒకావిడ చీరాల నుంచి చీరల మూట వేసుకుని వచ్చేది. అరుగు మీద మూట విప్పేది. చీర మడత తీసి అంచు చూపించి, కొంగు చూపించి, ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందా, సీమంతం ఉందా కనుక్కుని, నెల నెలా వాయిదాల మీద ఇచ్చేది. ఇరవై ఏళ్లు అలా తిరిగి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంది. ఆవిడ మా ఆవిడతో ఎన్నడూ "అమ్మగారూ, మీరు కూడా చీరలమ్మండి, మీ అక్కయ్యగారి చేత అమ్మించండి" అనలేదు. వీధిలో పదిమంది చీరలమ్మితే కొనేవాళ్లు ఉండరని ఆవిడకు తెలుసు. గొలుసుకట్టు వ్యాపారంలో జరిగేది సరిగ్గా అదే. కొనేవాణ్ని పట్టుకుని అమ్మేవాడిగా మారుస్తారు. ఏడాది తిరిగేసరికి ఊళ్లో అమ్మేవాళ్లే మిగులుతారు. వాళ్ల సరుకు వాళ్లే కొనుక్కుంటారు.

కొనక తప్పదు కూడా. ఐడీ చెల్లుబాటులో ఉండాలంటే నెలకు ఇన్ని పాయింట్ల సరుకు తీసుకోవాలని షరతు. మా అబ్బాయి వాళ్ల ఇంటికి వెళ్లాను. బియ్యం డ్రమ్ము పక్కన అట్టపెట్టెలో ప్రొటీన్ పొడి డబ్బాలు ఆరు, మూత తియ్యనివి. టీవీ స్టాండు కింద టూత్‌పేస్టులు, పింగాణీ తోమే ద్రావకం సీసాలు. బజారులో వంద రూపాయలకు దొరికే రకం వస్తువు మీద మూడు వందల పైన ధర. ఒక డబ్బా ఎత్తి తిప్పి చూశాను, గడువు రెండు నెలల్లో ముగుస్తుంది. వాళ్ల అమ్మ పక్కనే నిలబడి, "ఇవి బలానికట మాస్టారూ, మీరొకటి తీసుకెళ్లండి, డబ్బులొద్దు" అంది. ఆవిడ చేతులకు మట్టిగాజులున్నాయి. బంగారు గాజులు తాకట్టులో ఉన్నాయని వాడు ముందే చెప్పాడు.

నోట్‌బుక్కులో ఖాళీ పేజీ చూసి ఇద్దరం జమాఖర్చు రాశాం. వాడు అంతవరకు ఎప్పుడూ రాయలేదు, ఎవరూ రాయమనలేదు. చేరేటప్పుడు కిట్టు పేరుతో 16,500. నెల నెలా సరుకు 2,200 చొప్పున ఇరవై ఆరు నెలలకు 57,200. విజయవాడ, హైదరాబాద్ సెమినార్లకు టికెట్లు, బస్సు, గది, తిండి కలిపి 31,000. పెట్రోలు, ఫోను 18,000. మొత్తం 1,22,700. వచ్చిన చెక్కులన్నీ కలిపితే 29,600. ఇంట్లో వాడుకున్న సబ్బులు, పేస్టులకు బజారు ధర కట్టి ఇరవై వేలు తీసేశాం. అయినా 73,100 పోయింది. రెండేళ్ల పైన వాడు తిరిగిన రోజులకు ఏ కూలీ వేయలేదు. ఆ అంకె కింద వాడు రెండు గీతలు గీశాడు. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఇది ఒక్కడి కథ అనుకుంటారేమో. అమెరికాలో ఈ వ్యాపారాలను గమనించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్. దాని సిబ్బంది 70 కంపెనీలు తామే ప్రచురించుకున్న ఆదాయ పత్రాలను చదివి 2024లో నివేదిక ఇచ్చారు. చేరినవాళ్లలో ఎక్కువ మందికి ఏడాదికి వచ్చింది వెయ్యి డాలర్లు, లేదా అంతకన్నా తక్కువ. నెలకు 84 డాలర్లు కూడా లేదు, అప్పటి మారకంలో మన డబ్బు సుమారు ఏడు వేలు. అదీ ఖర్చులు తియ్యకముందు. కనీసం 17 కంపెనీల్లో ఎక్కువ మందికి అసలేమీ రాలేదు. అది ఈ వ్యాపారం పుట్టిన దేశం. అక్కడే ఇంత అయితే ఇక్కడ పై వరుసలవాళ్లు వేదిక మీద చూపించే కారు తాళాలను ఎంతవరకు నమ్మాలో మీరే ఆలోచించండి. ఆ కారు నిజమే. కొందరికి నిజంగానే వస్తుంది. వాళ్లు ముందు చేరినవాళ్లు.

చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. 1978లోనే కేంద్రం ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం తెచ్చింది. సభ్యులను చేర్పించడం మీద ఆధారపడి సులువుగా డబ్బు వస్తుందని ఆశచూపే పథకాలు దాని కిందికి వస్తాయి. నడిపేవాళ్లనే కాదు, అందులో సభ్యులుగా చేరడాన్నీ, పాలుపంచుకోవడాన్నీ ఆ చట్టం నిషేధించింది. శిక్ష మూడేళ్ల దాకా జైలు. అమెరికా కంపెనీ ఆమ్వే పథకం ఈ చట్టం పరిధిలోకే వస్తుందని 2007 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అదే కంపెనీ ఆస్తులను 757 కోట్ల రూపాయల మేరకు 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) జప్తు చేసింది. తాము చట్టానికి లోబడే నడుస్తున్నామని కంపెనీ అంటోంది. 2018లో, 2019లో సైబరాబాద్ పోలీసులు హర్యానా, నోయిడాలకు చెందిన రెండు పెద్ద సంస్థల అధిపతులను అరెస్టు చేశారు. డైరెక్ట్ సెల్లింగ్ అంతా నేరమని నేను చెప్పడం లేదు. సరుకు నిజంగా బయటివాళ్లకు అమ్మి కమీషను తీసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. 2016 మార్గదర్శకాల ప్రకారం చేరడానికి ఫీజు తీసుకోకూడదు, మనిషిని చేర్పించినందుకు డబ్బు ఇవ్వకూడదు. 2021 డిసెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉండాలి, గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా అమ్మడానికి ఇంటికి రాకూడదు. ఫీజు తీసుకోకూడదన్నారు కాబట్టి దానికి కిట్టని పేరు పెట్టారు. మా అబ్బాయి కట్టిన 16,500 అదే.

ఒక విషయం చెప్పడానికి నాకు కష్టంగా ఉంది, అయినా చెబుతాను. 2023 మార్చి 16న సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్ తగలబడింది. ఆరుగురు యువతీయువకులు పొగలో ఊపిరాడక చనిపోయారు. వరంగల్, ఖమ్మం వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్లు పనిచేస్తున్న ఆఫీసు గొలుసుకట్టు మార్కెటింగ్‌తో సంబంధం ఉన్నది. డబ్బు కట్టి చేరారని ఇళ్లవాళ్లు చెప్పారు. ఆ మంటలకు ఈ వ్యాపారం కారణం కాదు, అలా అనడం న్యాయం కాదు. కాని ఉద్యోగం అనే మాట విని పొలం మీద అప్పు తెచ్చి పిల్లల్ని పంపిన అమ్మానాన్నలు మన పల్లెల్లో ఎందరున్నారో ఆ రోజు తెలిసింది. పిల్లలకు పనులు లేకపోబట్టే ఈ నోట్‌బుక్కులు నడుస్తున్నాయి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది పోయిన డబ్బు కాదు. సెమినార్లలో వాళ్ల బుర్రలో ఎక్కించే ఒక మాట. "ఓడిపోయినవాడు లేడు, మధ్యలో మానేసినవాడే ఉన్నాడు" అంటారు. వద్దని చెప్పే తండ్రి నెగటివ్ మనిషి, ఫోను ఎత్తని స్నేహితుడు నెగటివ్ మనిషి, వాళ్లకు దూరంగా ఉండమంటారు. ఇలా చెప్పడంతో రెండు పనులు జరుగుతాయి. సరైన ప్రశ్న అడిగే ఇంటివాళ్లు దూరమవుతారు. డబ్బు పోయినవాడు తన చేతకానితనం వల్లే పోయిందని నమ్ముతాడు. నమ్మినవాడు పోలీసుల దగ్గరికి వెళ్లడు, పక్కవాడికి చెప్పడు, సిగ్గుపడి నోరు మూసుకుంటాడు. పైవాడికి కావలసింది ఆ మౌనమే. మా అబ్బాయి ఏడాదిన్నర పాటు వాళ్ల మేనమామ ఇంటి వీధిలోంచి నడవలేదు. ఆయన వీడి కిందే చేరి పదహారు వేల అయిదు వందలు పోగొట్టుకున్నాడు. వాళ్లింట్లో పెళ్లికి పిలిస్తే వీడు వెళ్లలేదు, ఆయనా మళ్లీ పిలవలేదు. మన ఊళ్లలో చీటీలు వేసుకుంటాం. ఇరవై మంది చీటీ అయితే ఇరవై నెలల్లో ఇరవై మందికీ పాట వస్తుంది, ముందో వెనకో ఎవరి డబ్బు వాళ్లకు చేరుతుంది. చుట్టాలూ స్నేహితులూ ఒకరినొకరు నమ్మడం వల్లే అది నడుస్తుంది. ఆ నమ్మకాన్నే ఈ లిస్టుల్లో పేరు పేరునా రాయించి ఖర్చుపెట్టిస్తున్నారు.

మీ ఇంట్లో ఇలాంటి నోట్‌బుక్కు ఉంటే, ఆ పిల్లవాణ్ని ఎగతాళి చేయకండి. "నేను ముందే చెప్పానా" అనకండి. పక్కన కూర్చుని ఖాళీ పేజీ తీసి జమాఖర్చు రాయించండి. వచ్చింది ఒక పక్క, పోయింది ఒక పక్క. తారీకులు వేయించండి. కట్టిన రసీదులు, వాట్సాప్ మెసేజీలు, చెక్కుల నకళ్లు దాచి ఉంచండి. ఎవరైనా మీ ఇంటికి వచ్చి పది నిమిషాలు కూర్చోమంటే ఒక్క ప్రశ్న అడగండి. కిందటి నెల నీ కింద చేరనివాళ్లకు, బయటివాళ్లకు, ఎంత సరుకు అమ్మావు, బిల్లులు చూపించు అనండి. చేరడానికి డబ్బు కట్టమన్నా, కిట్టు కొనమన్నా లేచి నిలబడండి. మీరు మోసపోయారనిపిస్తే వినియోగదారుల జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి పోగొట్టుకుంటే 1930. రెండూ గుర్తు పెట్టుకోవడం తేలిక.

మా అబ్బాయి ఇప్పుడు మా ఊరి ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాడు. జీతం పన్నెండు వేలు. గాజులు విడిపించడానికి ఇంకా ఏడు నెలలు పడుతుందన్నాడు. కిందటి వారం వాళ్ల మేనమామ ఇంటికి ఇద్దరం కలిసి వెళ్లాం. వాడు నోట్‌బుక్కు తీసి, ఆయన పేరు ఉన్న పేజీ చూపించి, మామయ్యా నెలకు వెయ్యి చొప్పున ఇస్తాను అన్నాడు. ఆయన ఆ పేజీ చింపేసి, ముందు భోంచెయ్యండి అన్నాడు.